చెవికి కావలి



ఉప్పల్‌లో కాపురముండు సోదరి యొకరు మన శీర్షికకు జాబు వ్రాసిరి. వారి కుమారుడు ఇంటర్మీడియెట్ చదువుచు, తీరిక వేళల కంప్యూటరుపై పాటలు కూర్చుచున్నాడట. ఒకనాటి రాత్రి హెడ్‌ఫోను పెట్టుకొని పని చేయుచుండగా, ఏదో మీట నొక్కినంతనే పిడుగు పడినట్లు కీచుమను ధ్వని రెండు చెవులలోను మ్రోగినదట. పిల్లవాడు హెడ్‌ఫోను లాగి పారవైచెను. మరునాటి మధ్యాహ్నము వరకు కుడిచెవిలో గుయ్యిమను రొద నిలిచియుండెను. "కంప్యూటరు కట్టిపెట్టుమని వాని తండ్రిగారు, సంగీతము లేక బ్రతుకజాలనని వాడు, నడుమ నేనేమి చేయుదును?" అని ఆ తల్లి యడుగుచున్నారు.

కంప్యూటరు కట్టిపెట్ట నక్కరలేదని నా యభిప్రాయము. కాని ముందు చెవి సంగతి చూడవలెను, తరువాత యంత్రము సంగతి.

పెద్ద ధ్వని విన్న పిమ్మట చెవిలో హోరుమనుట, దిమ్మెక్కినట్లుండుట ఒకటి రెండు పూటలలో తగ్గుట కద్దు. తగ్గినను దానిని హెచ్చరికగానే తలపవలెను. ఒక దినము గడచినను తగ్గనిచో, లేక ఒక చెవి మందగించినట్లు తోచినచో, "చూతములే" యని వారములు గడుపరాదు. వినికిడి హఠాత్తుగా తగ్గినపుడు వైద్యులిచ్చు మందులు మొదటి దినములలో ఇచ్చిననే ఫలించుట కవకాశము హెచ్చు. రెండు వారములు దాటిన పిమ్మట ఆ యవకాశము బాగుగా తగ్గిపోవును. కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి యున్నది. కర్మాగారములలో పనిచేయువారి కుటుంబములకు నాచారముననే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. శబ్దము రాని గదిలో కూర్చుండబెట్టి, సన్నని ధ్వనులు వినిపించి, ఏది వినబడినదో ఏది వినబడలేదో గుర్తింతురు. నొప్పి లేని పరీక్ష. ఈలోపల వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోయవలదని మాత్రము పెద్దవారికి మెల్లగా చెప్పుడు. ధ్వని చేత దెబ్బతిన్న చోటు కర్ణభేరికి లోపల, మిక్కిలి దూరముగ నున్నది. నూనె అక్కడికి చేరదు సరిగదా, భేరికి చిల్లు పడియున్నచో కీడు చేయును.

ఇక, ఆ పిల్లవాని చెవి తన్ను తానేల కాపాడుకొనలేకపోయినది? కంటికి రెప్ప యున్నది, చెవికి లేదు. అయినను భగవంతుడు దానిని బొత్తిగా విడిచిపెట్టలేదు. కర్ణభేరి వెనుక మూడు చిన్న యెముకలు గొలుసువలె కూర్చబడి యున్నవి. వానిలో కడపటిది మనిషి దేహమందలి యెముకలన్నిటిలో చిన్నది. దానికొక సన్నని కండరము తగుల్కొని యుండును. పెద్ద ధ్వని వినబడినపుడు ఆ కండరము బిగుసుకొని యెముకను పట్టి నిలుపును. లోపలికి పోవు ధ్వని కొంత తగ్గును. అయితే అట్లు బిగియుటకు సెకనులో కొన్ని నూరవ వంతుల కాలము పట్టును. క్రమముగా పెరుగు మేళతాళములకు ఆ కావలి చాలును. హఠాత్తుగా వచ్చిన కీచుధ్వని యెదుట మాత్రము దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే యగును.

లోపల నత్తగుల్లవంటి భాగములో సుమారు 15 వేల రోమకణములు వరుసలు తీరి యున్నవి. ధ్వనిని నరముల కందించునవి యివియే. పెద్ద అల వచ్చినపుడు గాలివానకు వరిచేను ఒరిగినట్లు ఇవి యొరుగును. కొన్ని మరల లేచును, కొన్ని లేవవు. కోడిపిల్లలకును తక్కిన పక్షులకును చచ్చిన రోమకణముల స్థానమున క్రొత్తవి మొలచునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మనకు ఆ భాగ్యము లేదు. అందుచేతనే స్పీకరు కాలినపుడు కలుగు విచారమును, చెవి చెడినపుడు కలుగు విచారమును ఒక్క త్రాసున తూచరాదు.

ధ్వనికొక జమాఖర్చు కలదు. 85 డెసిబెళ్ళ ధ్వనిని దినమునకు 8 గంటలు వినవచ్చునని ఒక లెక్క. అచ్చటినుండి ప్రతి 3 డెసిబెళ్ళకు కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి 1 గంట, 100 చేరునప్పటికి పావుగంటయే మిగులును. వినోదముగా పాటలు వినువారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ యింకను గట్టి హద్దు పెట్టినది: పెద్దవారికి వారమునకు 40 గంటలు 80 డెసిబెళ్ళు, పిల్లలకు 75. చెవి ఖర్చు వ్రాయునపుడు ఇది జీతము పని, ఇది సరదా అని చూడదు. నాచారము పారిశ్రామికవాడలో యంత్రముల నడుమ ఎనిమిది గంటలు నిలిచి వచ్చినవాడు మరల చెవిలో ఇయర్‌ఫోను దూర్చుకొన్నచో రెండును ఒకే ఖాతాలో పడును. పరిశ్రమలో పనిచేయు భర్తలు, అన్నదమ్ములు ఉన్న సోదరీమణులు ఈ మాట మరువకుందురు గాక.

పూర్వము గ్రామఫోను ఉన్న యిండ్లలో ధ్వని హెచ్చుతగ్గులు ముల్లును బట్టి యుండెడివి. గట్టి ధ్వనికొక ముల్లు, మెత్తని ధ్వనికి వేరొక ముల్లు అమ్మెడివారు. బల్బుల రేడియో మీట త్రిప్పినచో, బల్బులు వేడెక్కుదాక నిశ్శబ్దముగ నుండి, తరువాత ధ్వని మెల్లమెల్లగా లేచెడిది. ఆ యాలస్యమును మనము విసుగుకొనెడివారము గాని, చెవికి అది యుపకారమే. ఇప్పటి యంత్రమునకు ఆ మర్యాద తెలియదు. నిశ్శబ్దమునుండి నిండు ధ్వనికి ఒక్క గంతున పోగలదు.

ఉదాహరణమునకు నిత్యము జరుగు సంగతియే చూడుడు. నాగోలు మెట్రో మార్గము 2017 నవంబరులో నడక మొదలిడిన పిమ్మట, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషనుల మీదుగా వేలమంది పనులకు పోయి వచ్చుచున్నారు. బండి రొదలో పాట వినబడవలెనని ఫోనులో ధ్వనిని పైకి త్రోయుదురు. ఇల్లు చేరి నిశ్శబ్దమైన గదిలో కూర్చుందురు. ఫోను మాత్రము ఆ పైమట్టముననే యుండును. ఆ ఫోనుననే తంబుర యాపు తెరచి ఆడపిల్లను సంగీతమునకు కూర్చుండబెట్టినచో, మొదటి షడ్జమము గర్జనయై వినబడును. యాపు దోషమును లేదు, పిల్ల దోషమును లేదు; త్రోసిన మీటను తగ్గించువారు లేకపోవుటయే కారణము. ఉప్పల్ క్రీడాంగణములో క్రికెట్ పందెమునాడు ఘోష ఇంతకంటె పెద్దదే కావచ్చును. కాని అది వచ్చునని ముందే యెరుగుదురు; చేయి చెవిపైకి పోవుటకు వ్యవధి యుండును.

కంప్యూటరులో పాట కూర్చు సాఫ్ట్‌వేరులు పెక్కు గలవు: ఆడాసిటీ, రీపరు, ఎఫ్‌ఎల్ స్టూడియో, గ్యారేజ్‌బ్యాండ్, బ్యాండ్‌ల్యాబ్. పేరేదైనను పని యొక్కటే. ధ్వనిని అంకెలుగా మార్చి, ఆ అంకెలను కూడి, హెచ్చవేసి, మరల ధ్వనిగా బయటికి పంపును. లోపల అంకెలు ఎంత పెద్దవైనను కావచ్చును, హద్దు దాదాపు లేదు. బయటికి వచ్చు ద్వారమునకు మాత్రము హద్దు కలదు. దానిని పూర్తి మట్టము అందురు. దానికి మించిన అంకె వచ్చినచో తల తెగును, గుండ్రని అల చదునగును. ఉప్పల్ దారిలో నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు వాడు భూకంప యంత్రములకును ఈ చిక్కు కలదు. సన్నని కదలికను సైతము పట్టు సున్నితమైన యంత్రము దగ్గరలో పెద్ద భూకంపము వచ్చినపుడు హద్దు దాటి, గీత తల తెగి నిలుచును; అందుకై గట్టి కదలికలను కొలుచుటకు వేరు యంత్రముల నుంతురు.

సాఫ్ట్‌వేరులో ఈ అంకెలు ఉన్నట్టుండి ఏల పెరుగును? ముఖ్యముగా ధ్వని తన తోకను తాను మ్రింగుట వలన. బయటికి పోయిన ధ్వనిలో కొంత మరల లోపలికి వచ్చి, ప్రతి చుట్టునకును కొంచెము పెరిగినచో, కనురెప్పపాటులో అది ఊళగా మారును. మైకును స్పీకరును ఒకే గదిలో నుంచి, మైకు ధ్వనిని వెంటనే స్పీకరులో వినుట కేర్పాటు చేసినపుడు జరుగునది యిదియే. పెండ్లి పందిళ్ళలో మైకు కూయుట మీరెరుగుదురు గదా! ప్రతిధ్వని కల్పించు ఉపకరణములలో తిరుగుపాలు నూటికి నూరు దాటించినను అంతే. కొన్ని ఉపకరణములు సరిగా వ్రాయబడక, లెక్క తప్పి, అర్థము లేని అంకెలను క్రుమ్మరించుటయు కలదు. ఇంకొకటి చిన్నదే గాని తరచు జరుగునది: తీగ పీకి మరియొకచోట గ్రుచ్చునపుడును, కొన్ని మైకులకు వలయు 48 వోల్టుల మీటను నొక్కునపుడును టప్పుమను దెబ్బ.

సినిమా పనికి నాచారము క్రొత్త కాదు, ఎన్.టి. రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో పేరు ఈ ప్రాంతమున చిన్నపిల్లలును ఎరుగుదురు. సినిమా పాట ముద్రించు చోట పాడువా రొకరు, వాద్యము వాయించువారు వేరొకరు, ధ్వనిపెట్టె ముందర కూర్చుండి మీటలపై వ్రేళ్ళుంచువారు మరియొకరు. ఆ మూడవ మనిషి పని ధ్వనిని చక్కదిద్దుట మాత్రమే కాదు, దానిని హద్దులో నుంచుట కూడ. మన యింటి వెనుకగదిలో పిల్లవాడు ముగ్గురి పనియు తానొక్కడే చేయుచున్నాడు. పాట మీద ధ్యాస ఉన్నపుడు మీట మీద ధ్యాస యుండదు. కావున ఆ మూడవ మనిషి స్థానమున ఏదో యొక కావలిని ముందుగనే కూర్చుండబెట్టవలెను.

సాఫ్ట్‌వేరులోనే అట్టి కావలి యొకటి దొరకును. దానిని లిమిటరు అందురు. ధ్వని యంతయు కలిసి బయటికి పోవు కడపటి ద్వారము వద్ద దానిని నిలిపినచో, ఏర్పరచిన హద్దు మించిన ధ్వనిని అణచివేయును. మంచి లిమిటరు ధ్వనిని సెకనులో వేయవ వంతులు కొన్ని ఆలస్యముగా వదలును; ఆ వ్యవధిలో రాబోవు దానిని ముందే చూచి చేయి అడ్డము పెట్టును. మన చెవిలోని కండరమునకు లేని సౌకర్యము ఇది. దీనిని పాట పూర్తియైన తరువాత మెరుగు కొరకు పెట్టువారు కలరు. నేననునది వేరు: క్రొత్త పని తెరచిన క్షణముననే పెట్టి, హద్దును పూర్తి మట్టమునకు 6 డెసిబెళ్ళు తక్కువగా నుంచి, పాట ముగియువరకు తీయకుండుట. రీపరు వంటి సాఫ్ట్‌వేరులో ధ్వని మితిమీరినపుడు దానంతట అదియే మూగబోవు నేర్పాటును కలదు. అదియు తెరచియుంచుట మంచిది.

అయినను లిమిటరును నమ్మి నిద్రపోరాదు. అదియు లెక్కలు చేయు యంత్రమే గనుక, అర్థము లేని అంకె వచ్చినపుడు అదియు తడబడవచ్చును. దాని తరువాత మరియొక ఉపకరణము చేర్చినచో అచ్చట దాని కాపలా లేదు. కంప్యూటరు తానుగా చేయు గంటధ్వనులు, మరియొక కిటికీలో తెరచిన వీడియో, అసలా దారిన పోవు. కావున నిజమైన కడపటి తలుపు సాఫ్ట్‌వేరులో లేదు. అది స్పీకరుపైనను, హెడ్‌ఫోను తగిలించు పెట్టెపైనను ఉన్న గుండ్రని మీట.

ఈ మీట మహిమ కొంచెము నిదానముగా చదువుడు. ఈ నెల నేను చెప్పదలచినదంతయు ఇందే యున్నది. కంప్యూటరులో ఎంత యుపద్రవము జరిగినను బయటికి పూర్తి మట్టమునకు మించి రాదని పైన వ్రాసితిని. ఆ పూర్తి మట్టము చెవికి ఎంత పెద్దదిగా వినబడవలెనో నిర్ణయించునది మీట. పిల్లలు సాధారణముగా చేయునదేమి? సాఫ్ట్‌వేరులో పాటను పూర్తి మట్టమునకు 18 డెసిబెళ్ళు తక్కువగా నుంచుకొని (అట్లుంచుట మంచి పద్ధతియే), అది సన్నగా వినబడుచున్నదని మీటను కడవరకు త్రిప్పుదురు. అప్పుడు ఊళ పుట్టినచో ఆ 18 డెసిబెళ్ళును ఒక్కసారిగా పైకి లేచును. చెవికి మూడింతలకు పైబడి పెద్దదిగా తోచును. స్పీకరుకు చేరు శక్తి 60 రెట్లు దాటును.

దీనికి మారుగా ఇట్లు చేయవలెను. మీటను సున్నకు త్రిప్పి, హెడ్‌ఫోను బల్లపై నుంచి, ఇప్పటి సినిమా పాట యొకటి, హోరుగా నుండునది, సాఫ్ట్‌వేరులోని మీటలన్నియు నిండుగా పెట్టి వినిపింపుడు. ఈ కాలపు పాటలు పూర్తి మట్టమును తాకునట్లే ముద్రింపబడుచున్నవి. తరువాత హెడ్‌ఫోను ధరించి మీటను కొంచెము కొంచెముగా పైకి త్రిప్పుడు. "ఇంతకంటె వలదు" అనిపించుటకు చాల ముందుగనే ఆపి, అచ్చట గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టుడు. మీట చుక్క దాటనంతవరకు ఏ ప్రమాదము వచ్చినను ఉలికిపాటుతో పోవును. పాట సన్నగా వినబడుచున్నదని వాడు గొణిగినచో సాఫ్ట్‌వేరులో పెంచుకొనుమనుడు. అచ్చట పెంచినను పూర్తి మట్టము దాటనేరదు.

మీట లేని తీగరహిత హెడ్‌ఫోనులకు ఫోనులోనే హద్దు పెట్టవచ్చును. ఐఫోనులో ధ్వనుల అమరికల క్రింద హెడ్‌ఫోన్ సేఫ్టీ యని యుండును. అచ్చట ఇన్ని డెసిబెళ్ళు మించరాదని చెప్పవచ్చును. సామ్‌సంగ్ ఫోనులలో మీడియా వాల్యూమ్ లిమిట్ అను పేరున నుండును. తక్కిన వానికి, నిండు ధ్వనిలో 60 శాతము దాటకుండుట మంచి మోటు లెక్క.

స్పీకరుల సంగతి యెక్కువ వ్రాయను. పెద్ద స్పీకరు పెట్టెలో సన్నధ్వనులు పలుకు చిన్నది యొకటి యుండును. దాని లోపలి తీగచుట్ట వెంట్రుకవలె సన్నని తీగతో చుట్టబడినది. తల తెగి చదునైన ధ్వని, అంతే యెత్తుగల నున్నని ధ్వనికంటె రెండింతల శక్తిని మోసికొనివచ్చి ఆ చుట్టను వేడెక్కించును. పాటలో తాళపు గజ్జెధ్వని, సకారములు మాయమై గొంతు దుప్పటి క్రిందనుండి వచ్చినట్లున్నచో చిన్నది కాలినదని తెలిసికొనుడు. కోఠిలో గుజరాతీ గల్లీకి తీసికొనిపోయిన క్రొత్తది వేయించుకొనవచ్చును. పెద్దది బడబడలాడుచున్నచో దాని అట్ట చినిగియుండును.

ఇంటనుండియే విదేశములలోని మన పిల్లలకు ఫోనుపై సంగీతము చెప్పు సోదరీమణులకు ఒక మాట. ఒకే పాఠమునకు ఒకే గదిలో రెండు ఫోనులు కలిపినచో ఊళ తప్పదు. ఒకదాని మైకును, ధ్వనిని రెంటిని మూయవలెను. జూమ్‌లో సంగీతము వారి కొరకు ఒరిజినల్ సౌండ్ అను నేర్పాటున్నది. అది లేనిచో శ్రుతిని రొదగా తలచి యంత్రము తుడిచివేయును గనుక మీలో పలువురు దానిని తెరచియుందురు. కాని దానితోపాటు ప్రతిధ్వనిని ఆపు కాపలా కూడ తొలగింపబడవచ్చును. అది తెరచిన దినమున స్పీకరు వాడక హెడ్‌ఫోను వాడుడు. అవతలి పిల్ల చేతను అట్లే చేయింపుడు. ఊళ పుట్టినపుడు దాని దెబ్బ తినునది మీ చెవి మాత్రమే కాదు, వేల మైళ్ళ దూరమున ఆ పసిచెవి కూడ.

ఆ ఉప్పల్ సోదరి తన కుమారునిచేత చేయింపవలసినది కొంచెము మిగిలినది. కంప్యూటరు మొదట, స్పీకరు కడపట వేయవలెను. ఆర్పునపుడు స్పీకరు మొదట, కంప్యూటరు కడపట. తీగ పీకునపుడు, గ్రుచ్చునపుడు, 48 వోల్టుల మీట నొక్కునపుడు ధ్వనిమీట సున్నలో నుండవలెను. క్రొత్త ఉపకరణమును, ఎవరో పంపిన పనిని, ముందెరుగని ధ్వనిని తెరచునపుడు హెడ్‌ఫోను మెడలో నుండవలెను గాని చెవులపై నుండరాదు. ముందు తెరపై మట్టము చూపు గీత ఎంతవరకు లేచినదో కన్నులతో చూచి, అది ఎఱ్ఱబారకున్నచో అప్పుడు ధరింపవచ్చును. వాని తండ్రిగారిని ఒకనాటి సాయంకాలము ఆ గదిలో కూర్చుండబెట్టి, ఆ చుక్కను వారిచేతనే పెట్టించుడు.